చీమలు పట్టని చోటు

నాకు పిల్లులంటే పడదు. అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు. దొంగబుద్ధి, పైగా రాణీవాసపు వగలు. కానీ మా ఇంటి పసుపుపచ్చ పిల్లి సంగతి వేరు. మా నాయిన తన ప్రాణాన్ని దాని ప్రాణానికి ముడేసుకున్నాడు.

మాది అమరచింత దగ్గరి పల్లె. ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాయిన జొన్న, కంది పండించుకునే రైతు. పెరటి గోడ వెనక ఆయన మూత్రానికి పోయిన చోట చీమలు మూగడం మొదట అమ్మే చూసింది. తీపి మూత్రం జబ్బును కనిపెట్టడానికి మా వైపు అంతకు మించిన పరీక్ష లేదు. బండి కట్టుకుని వనపర్తి దవాఖానకు పోతే డాక్టరూ అదే జబ్బన్నాడు. దానికి సూదిమందు ఉందిగానీ, యుద్ధం వల్ల పట్నంలోనే దొరకడం కష్టమట. తీపి మానాలి, వరన్నం మానాలి. కొర్రన్నం, మెంతులు, కాకరకాయ తినాలి.

ఇంటికొచ్చిన నాయిన మంచం మీద వాలిపోయాడు. "ఇగ నా పని అయిపాయె" అనేవాడు. రోజూ పొద్దున్నే గోడ వెనక్కి పోయి చీమల్ని చూసుకునేవాడు. వచ్చి పళ్లెం ముందు కూర్చుని, కొర్రన్నం కెలికి లేచిపోయేవాడు. జబ్బు కంటే ముందు ఆ దిగులే మనిషిని తినేసేట్టుందని అమ్మ ఏడ్చేది.

ఆ ఎండాకాలంలోనే పిల్లిని కుక్క కరిచింది. వీపు మీది పుండు ఎంతకూ మానదు. తొట్టిలో నీళ్లన్నీ తనవే అన్నట్టు తాగేది, తాగిన కొద్దీ బక్కచిక్కేది. ఒకనాడు ధాన్యం గుమ్మి నీడన పడిపోయి లేవలేదు. "అవుతల పారెయ్యుండ్రి, ఇంట్ల సస్తే పాపం" అంది పక్కింటి పెద్దమ్మ. నాయిన దాన్ని ఎత్తబోయి ఆగాడు. అది తడిపిన చోట చీమలు మూగి ఉన్నాయి.

"ఏమే, గిటు రా!" అని అమ్మను కేకేశాడు. "దీనికి గూడ నా జబ్బే ఉన్నదే!"

ఆ గొంతులో బాధ ఉంది, దాంతో పాటు కొంచెం సంబరమూ ఉంది. ఆ జబ్బుతో ఊళ్లో తానొక్కడే అనుకున్నాడు మరి.

అప్పటిదాకా మా నాయినకు పిల్లికి బిచ్చం పెట్టడని ఊళ్లో పేరు. అలాంటివాడు కృష్ణా నది చేపలు తెప్పించి, ముళ్లు తీసి, వేలితో మెదిపి దాని నోట్లో పెట్టాడు. వేపాకు కాచిన నీళ్లతో పుండు కడిగి పసుపు అద్దాడు. మెంతుల నీళ్లు పట్టబోతే అది ఆయన ముఖం మీదే తుమ్మింది. కాకరకాయ రసం పోయబోతే మోచేయిదాకా గీరి పెట్టింది. "నేను తాగుత గద, నీకేమొచ్చింది?" అని తిడుతూ, దానికి చూపించడానికి తానే గుటుక్కున మింగేవాడు. అమ్మ ఎన్ని దండాలు పెట్టినా నిలవని పథ్యం పిల్లి పుణ్యాన నిలిచింది.

"ఇది బతికితే నేను గూడ బతుకుత. పీర్లకు మలీద ఇస్త" అని మొక్కుకున్నాడు. రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి ముద్దలు చేసి పీర్ల పండుగకు ఇవ్వడం మా ఊళ్లో హిందువులూ తురకలూ అందరికీ ఉన్న మొక్కే.

పిల్లి లేచింది. ముందు తలెత్తింది, తర్వాత కాళ్లు కూడదీసుకుంది. పుండు చుట్టూ కొత్త వెంట్రుకలు మొలిచాయి. నాయిన పొద్దున్నే పిల్లి తడిపే గుమ్మి మూలనూ, తన గోడ వెనకా చూసుకునేవాడు. చీమలు తగ్గుతూ వచ్చాయి. పీర్ల పండుగ నాటికి ఒక్క చీమా లేదు. అక్కడ పొయ్యి బూడిద చల్లి ఉండేది నిజమే. ఇంటి చుట్టూ తడిసిన చోటల్లా బూడిద చల్లని ఆడది మా ఊళ్లో లేదు గనక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పండుగ నాడు నాయిన తలకు కొత్త రుమాలు చుట్టుకుని మలీద గంప తానే ఎత్తుకుపోయాడు. తిరిగొచ్చి పిల్లిని ఒళ్లో పెట్టుకుని ముద్ద అందించాడు. నెయ్యి వాసనకు అది మొత్తం నాకేసింది.

"వద్దయ్యా, జర ఆగు" అంది అమ్మ.

"పీర్ల ముద్దను వద్దంటరానే? జబ్బు పోయినంక పథ్యమేంది?" అని తానూ తిన్నాడు. ఒకదానితో ఆగలేదు. అమ్మ ముఖం పాలిపోయింది. మొక్కుకు అడ్డం చెప్పినందుకు భయపడుతోందనుకున్నాను.

అప్పటినుంచి నాయిన జావలోకి బెల్లం అడిగేవాడు. అయిపోయిందని అమ్మ అబద్ధమాడితే కోమటి దుకాణానికి తానే పోయి తెచ్చుకునేవాడు. పిల్లికి పాలన్నం పెట్టేవాడు. ఇద్దరూ మంచి ఖుషీగా ఉన్నారు. వాళ్ల మధ్య అమ్మ ఒక్కతే చిక్కిపోయింది.

పిల్లి పుండు మళ్లీ పగిలింది. మళ్లీ నీళ్ల తొట్టి దగ్గరే దాని కాపురం. ఈసారి చేప పెట్టినా ముఖం తిప్పుకుంది. ఒక మధ్యాహ్నం నాయిన అరచేతిలో గడ్డం ఆనించి పోయింది. పిల్లులంటే పడదన్నాను గదా, ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను.

నాయిన దాన్ని కంది చేను గట్టున పూడ్చి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"చీమలు పోయినయి గదనే. మరి ఎట్ల సచ్చింది?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "చీమలు యాడ పోయినయయ్యా! నువ్వు లేవకముందే నేనే బూడిద పోస్తుంటి. వాటిని జూసి నువ్వు తిండి మానుతుంటివి. నాకు వేరే ఏం జేయాల్నో తెల్వలే."

కొడతాడేమోనని నేను ద్వారం చాటుకు పోయాను. నాయినకు కోపం రాలేదు.

"గోడెనక గూడనా?" అన్నాడు.

అమ్మ తల ఊపింది.

ఆయన చేతుల మట్టి దులుపుకున్నాడు. "రేపటి సంది పొయ్యకు. మంచిదో చెడ్డదో, నాది నాకు తెల్వనియ్యి" అన్నాడు.

అమ్మ పోయలేదు. తెల్లవారి నాయిన గోడ వెనక్కి పోయి ఎంతకీ రాలేదు. అమ్మ ఊడ్చిన పెరడే మళ్లీ ఊడుస్తూ అక్కడక్కడే తిరిగింది. ఆయన వచ్చి, "ఉన్నయే, దండిగున్నయి" అన్నాడు. కొర్రన్నం పెట్టమన్నాడు. పెట్టిందంతా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆ రోజు నుంచి పథ్యం ఎన్నడూ తప్పలేదు. అయినా మళ్లీ ఎండలు ముదిరేసరికి మాకు నాయిన లేడు.