ధర పైకి చెప్పిన సామ్రాజ్యం

సామ్రాజ్యానికి నోరెక్కువని ఊరంతా అనేది. అనదా మరి! మగవాడు గొంతెత్తి ధర చెబితే బేరం, ఆడది చెబితే నోరెక్కువ. ఒంగోలుకు పదిమైళ్ళ అవతల, నల్లరేగడీ ఎర్రకంకరా కలిసే పల్లెలో పత్తి తీస్తూ, మిరపకాయలు కోస్తూ పెరిగిన మనిషి ఆమె. పద్దెనిమిదో ఏట రోశయ్యను చేసుకుంది. రోశయ్య మంచివాడు, మాట తక్కువ. అతని వాటా మాటలు కూడా ఆమే మాట్లాడేది.

ఆ చేలల్లో తొలకరి వాన పడగానే ఎర్రరాళ్ళు తేలేవి. సాన పట్టిస్తే ఉంగరాలకీ కమ్మలకీ పనికొచ్చే రాళ్ళు. కలుపు తీసే ఆడవాళ్ళ కంట పడితే కొంగున ముడేసుకునేవారు. దొరికేది ఆడవాళ్ళకి, అమ్మేది మాత్రం మగవాళ్ళు. ఎందుకంటారా? బేరం తువ్వాలు కింద జరిగేది. గొడ్ల సంతలోలాగే కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునేవారు. పక్కన పదిమంది ఉన్నా ఎవరికీ తెలియదు. పరాయి మగాడి చెయ్యి ఆడది పట్టుకోకూడదు కదా! అందుకని రాయి దొరికిన మనిషి దూరంగా నిలబడి, మొగుడు ఎంతంటే అంతే అనుకునేది. సారాకొట్టుకు ఎంత పోయిందో, ఇంటికి ఎంత వచ్చిందో ఆ దేవుడికే ఎరుక.

పంతొమ్మిదివందల ఎనభైమూడు తొలకరికి సామ్రాజ్యం పెయ్యదూడను అమ్మేసి, బడి ఎదురుగా గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. రాళ్ళు తానే కొంటానంది. ఇరవయ్యేళ్ళుగా ఆ ఊరి రాళ్ళన్నీ కొంటున్న చెంచయ్య పడీపడీ నవ్వాడు.

“ఏందమ్మాయ్, నా చెయ్యి పట్టుకుంటావా ఏంది?”

“చెయ్యెందుకు మామా, నోరుంది గదా! నా ధర అందరూ వినేట్టు చెప్తా. దమ్ముంటే నువ్వు అంతకంటే ఎక్కువ చెప్పు.”

వారం రోజులు ఈగ కూడా వాలలేదు. ఎనిమిదో రోజున ఆదెమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఆమె తరఫున తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాడు లేడు. కొంగుముడి విప్పితే రేగుపండంత రాయి. సామ్రాజ్యం ఎండకెత్తి చూసింది. దానిమ్మగింజ రంగు. ఒక్క మచ్చ లేదు.

“నాలుగొందలు!” అని అరిచింది. వీధి చివరి వరకూ వినబడింది.

సాన పట్టాక ఆ రాయి బాగా తేలిందా, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఈ గోనెపట్టా దగ్గరికొస్తారు. తేలలేదా, మళ్ళీ ఆ తువ్వాలే గతి. ఆ సంగతి సామ్రాజ్యానికీ తెలుసు, చెంచయ్యకీ తెలుసు.

మర్నాడే ఒంగోలు వెళ్ళింది. బస్టాండు వెనక సందులో అలీ సాహెబ్ సానపట్టేవాడు. రాయిని లక్కతో పుల్లకు అంటించి, తిరిగే సానకు ఆనించాడు. రెండు ముఖాలు దిద్దాడో లేదో, టప్‌మని చప్పుడయింది. రాయి మూడు ముక్కలు.

సాహెబ్ సాన ఆపి ముక్కలు ఏరాడు. “దీన్ని కాచారా అమ్మా?”

కాచకేం! చింతపండు వేసి మరగబెట్టి, పొగలు కక్కుతుండగానే చన్నీళ్ళలో ముంచానని రాయి ఇచ్చేటప్పుడు ఆదెమ్మే మురుస్తూ చెప్పింది. ఇత్తడిచెంబు తోమినట్టు రాళ్ళను తళతళలాడిస్తే ధర పలుకుతుందని ఊళ్ళో ఆడవాళ్ళందరూ అదే పని చేసేవారు.

“వేడి రాయి మీద చన్నీళ్ళు పడితే లోపల సన్నగా బీట పడుద్ది. కంటికి ఆనదు. మీ ఊరి రాళ్ళలో సగం ఇంతే. వాళ్ళకి చెప్పవయ్యా అని చెంచయ్యకి ఎన్నిసార్లు చెప్పానో!”

“ఏవన్నాడు?”

“పగులుద్దన్న వంక పెట్టేగా చవగ్గా కొనేది, ఎందుకు పగులుద్దో చెప్తే నాకేం మిగులుద్ది, అన్నాడు.”

సామ్రాజ్యానికి ఒళ్ళు భగ్గుమంది. బస్సెక్కాక పెయ్యదూడ గుర్తొచ్చి ఏడ్చింది కూడా. ఊరు దగ్గరపడేసరికి ముఖం తుడుచుకుంది.

ఇంటికి రాగానే సంగతి చెబితే రోశయ్య మెల్లగా అన్నాడు. “మంచి ధరకే పోయిందని చెప్దామే. ఎవరికి తెలుసుద్ది?”

“అంటే నేనూ తువ్వాలు కప్పనా?”

రోశయ్య లేచి ఆమెకు కంచం పెట్టాడు.

తెల్లవారాక గోనెపట్టా మీద మూడు ముక్కలూ పరిచి, పొలానికి పోయే ఆడవాళ్ళను పేరుపేరునా పిలిచింది.

“పగిలింది! నా నాలుగొందలూ గంగలో కలిసినయ్. చూడండి, చూసి పోండి!”

చెంచయ్య చప్పట్లు కొట్టాడు. “చెప్తే విన్నావా? పొయ్యి దగ్గరుండాల్సినదానికి రాళ్ళెందుకు?”

ఆదెమ్మ రొంటినున్న డబ్బు తీసింది. “నీ డబ్బు నువ్వు తీసుకో తల్లీ.”

“లోపల పెట్టత్తా! అందరి ముందూ ధర చెప్పి కొన్నా. నష్టమూ అందరి ముందే చెప్తన్నా. నీ తప్పేం లేదు. కాచి చన్నీళ్ళల్లో ముంచితే రాయి బీటలిస్తదంట, మనకెవరూ చెప్పలా. తెలిసినోళ్ళు నోరు మూసుకున్నారు.” చర్రున చెంచయ్య వైపు తిరిగింది. “అలీ సాహెబ్ నీకు చెప్పాడా లేదా మామా? ఈ ఆడోళ్ళ మొహం చూసి చెప్పు!”

“ఎవరో ఏదో అంటారు… పొలం వేళయింది, పోండి పోండి,” అన్నాడు చెంచయ్య.

ఒక్కరూ కదల్లేదు. రాయి అమ్మటానికి వచ్చి అతని తువ్వాలు కింద చెయ్యి పెట్టబోతున్న అంకారావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని పెళ్ళాం మల్లేశ్వరి ఇన్నాళ్ళూ దూరంగా నిలబడిన మనిషే. ఆవేళ మొగుడి చేతిలోని రాయి లాక్కుని గోనెపట్టా ముందు గొంతుక్కూర్చుంది. రాయికింకా బురద అంటుకునే ఉంది.

“కాచలా వదినా, నిన్న సాయంత్రమే దొరికింది. ధర చెప్పు. గట్టిగా చెప్పు, మా ఆయనక్కూడా వినబడాల.”