అట్ట వెనక పాచిక

ఆ ఆదివారం మధ్యాహ్నం గోపాలపట్నంలోని నా గదిలో ఉన్నవాళ్ళం ముగ్గురం: నేను, పోర్టులో వైర్‌మన్‌గా పనిచేసే డేవిడ్, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట నాతోపాటు ట్రైనీగా ఉన్న అప్పలరాజు. ఉన్న వస్తువులు: ఒక ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు, నేను గీసిన పటం, ఇరవై ముఖాల పాచిక, పాచికను దాచే అట్టముక్క. ఆ అట్ట బరువెంతని? నా మీద నుంచి మాత్రం ఇన్నేళ్ళయినా దిగలేదు.

మీకు ఈ ఆట తెలియకపోవచ్చు. నోటితో ఆడే ఆట. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు అందులో వీరులో, మాంత్రికులో అవుతారు. ఏం చేస్తారో చెబుతారు. సందేహం వస్తే పాచిక తేలుస్తుంది. ఓడలో పనిచేసే డేవిడ్ అన్నయ్య పుస్తకం, పాచిక తెచ్చిచ్చాడు. ఓపిగ్గా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కథ నడిపే పని నాకు పడింది.

అప్పలరాజుది కనికట్టు మాంత్రికుడి పాత్ర. నిప్పు కురిపించలేడు, గాయం చేయలేడు. లేనిది ఉన్నట్టు చూపగలడు, అంతే. ఎదుటివాడు నమ్మకపోతే అదీ లేదు. అంతకుముందు ఆ పాత్ర ఆడిన డేవిడ్ ఏడు తలల పాముల్ని చూపించేవాడు. కథలోని శత్రువుల్లో ఒక్కడూ జడిసేవాడు కాదు. అప్పలరాజు పాముల జోలికి పోలేదు. తెరిచిన తలుపు మూసి ఉన్నట్టు చూపేవాడు. ఎండిన దారిలో బురద చూపేవాడు.

"ఆడు సూత్తాననుకున్నదే ఆడికి సూపాల బావా. కొత్తది సూపితే అనుమానమొత్తాది," అనేవాడు. డిపార్టుమెంటు పరీక్ష రెండుసార్లు తప్పాడు. "ఇంత బుర్రున్నోణ్ణి ఆ పరీచ్చ ఏటి సేత్తాది, ఈసారి సూడు," అని మా గదిలోనే ధైర్యం తెచ్చుకునేవాడు.

ఆరోజు పెద్ద యుద్ధం. వారమంతా డ్రాయింగు బల్ల మీద పటం గీశాను. లోయ, వంతెన, అవతల రాక్షస సేన, అన్నీ కొలతలతో. సాయంత్రం దాకా సాగుతుందని లెక్కేసుకున్నాను.

అప్పలరాజు పటం చూశాడు. "పొగమంచని నువ్వే సెప్పావు గదా. నాను ఈ కొసన నిలబడి వంతెనని రెండు గజాలు పక్కకి సూపిత్తాను. ఆళ్ళు దాని మీద అడుగెయ్యాల."

డేవిడ్ పగలబడి నవ్వాడు. "వారం గీసినావు, ఒక్క ముక్కలో సేనంతా లోయలో పడిపోనాది. ఇంక పటం మడతెట్టీ బావా."

నాకు నవ్వు రాలేదు. రాక్షస నాయకుడు కనిపెడతాడేమో చూడాలన్నాను. పదకొండు గానీ, ఆపైన గానీ పడితే కనిపెట్టినట్టు. అట్ట వెనక పాచిక వేశాను.

"ఏటి పడింది బావా?"

"పదిహేడు."

మా మధ్య ఒక కట్టుబాటుంది. ఎవరైనా "నమ్మను" అంటే నేను అట్ట ఎత్తాలి. డేవిడ్ గుర్తుచేశాడు కూడా: "నమ్మనని ఓ మాట అను, సూపిత్తాడు."

అప్పలరాజు నా వైపు చూశాడు. "బావని నమ్మకపోతే ఇంకెవుణ్ణి నమ్ముతానేటి?"

సేన అసలు వంతెన మీదుగా దాటి వచ్చి, ఒంటరిగా నిలబడ్డ అతని మాంత్రికుణ్ణి చంపేసింది. తన పాత్ర రాసుకున్న కాగితాన్ని అప్పలరాజు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇదొక్కటైనా నాకొచ్చనుకున్నాను," అన్నాడు. మళ్ళీ ఆదివారాలు రాలేదు. ఆ ఏడాది పరీక్షకు దరఖాస్తు పెట్టలేదు. తర్వాతా పెట్టలేదు.

ఎందుకు చేశాను? పటం కోసమా? డేవిడ్ నవ్వినందుకా? లేక పుస్తకం మొత్తం చదివిన నాకు తట్టనిది అతనికి తట్టినందుకా? పరీక్ష మానడానికి ఆ పాచికే కారణమని చెప్పలేను, కాదని చెప్పే ధైర్యమూ లేదు. అతను చూస్తాననుకున్నదే అతనికి చూపించాను: గీత దాటని నన్ను. ఇప్పటికీ క్యాంటీన్లో ఎవరితోనో అంటుంటాడు, బావ లెక్కంటే లెక్కేనని. నేను టీ గ్లాసు ఖాళీ చేసి లేచిపోతాను.

అతనికి ఇంకా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. చెబుతుంటే గుండె కాస్త తెరిపిన పడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు.

ఆ రోజు పాచిక మీద పడింది మూడు.