టిక్కు లేని క్లిప్పు

మర్చిపోయారా, వదిలేశారా? పదేళ్ళుగా నాలో నలుగుతున్న ప్రశ్న ఇది. జవాబు చెప్పాల్సిన మనిషి, మా మామగారు, పోయిన సోమవారం పొద్దున్న నా కాఫీ గ్లాసు మీద మూత పెట్టి, పడక్కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయారు.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పిన మేష్టారు. రిటైరయ్యాక కూడా దిద్దే అలవాటు పోలేదు. ఇంట్లో ఏది బాగుచేసినా, బిగించిన ప్రతి నట్టు మీదా అగ్గిపుల్లతో ఎర్రరంగు టిక్కు పెట్టేవారు. "టిక్కు లేదంటే పని అవలేదన్నమాటమ్మా" అనేవారు. చెయ్యని పనికి టిక్కు పెట్టడం ఆయన వల్ల కాదు.

అత్తగారు పోయి, మా ఆయన మస్కట్ వెళ్ళాక, అమలాపురంలోని ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరం. నా ఎమ్మే సర్టిఫికెట్టు బీరువాలో ఉండేది. దాన్ని బయటికి తీయించి, కాకినాడ కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది మామగారే. ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చేసరికి ముసురు పట్టే రోజులు. కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాలి. రేవుకెళ్ళే రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే మా పాత కారు ఆ నీళ్ళు పీల్చి ఆగిపోయేది.

అందుకని మూడు వారాలు షెడ్డులో కూర్చుని, కిరసనాయిలు డబ్బా రేకు చుట్టి, మాట్లు వేసి, ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని ముందద్దం పక్కదాకా పైకి లేపారు. కింద, పాత గొట్టంతో కలిసేచోట లారీ ట్యూబు ముక్క తొడిగి క్లిప్పు వేశారు.

కొబ్బరికాయలు దింపే అతను చూసి, "ఏవండోయ్ మేష్టారండీ, కారుకి తొండం మొలిచిందేంటండీ?" అన్నాడు.

"ఆయ్! పీకలదాకా నీళ్ళొచ్చినా ముక్కు పైనుంటే బతికిపోద్దిరా."

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం నేను చీర ఇస్త్రీ చేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చారు.

"ఉద్యోగమొస్తే అక్కడే గది తీసుకుంటావేంటమ్మా?"

"రోజూ రేవు దాటి రాలేను కదండీ."

"ఆయ్" అన్నారు. వెనక్కి తిరిగి, "కాఫీ పెట్టుకోడం నేర్చుకుంటాన్లే" అని షెడ్డులోకి వెళ్ళారు.

మర్నాడు రేవు ఇంకో మైలుందనగా, మోకాలి లోతు నీళ్ళలో కారు ఆగిపోయింది. ఆయన బానెట్ ఎత్తారు. పైన గొట్టం మూతి పొడిగానే ఉంది. కింద క్లిప్పు వదులై, అతుకు ఊడి నీళ్ళలో ఉంది. తక్కిన ప్రతి నట్టు మీదా టిక్కుంది. క్లిప్పు మీద లేదు. నేను చూశాను. నేను చూడడం ఆయన చూశారు.

"అమ్మా..." అని ఆగిపోయారు.

"తోద్దామా అండీ?" అన్నాను. అడగాల్సింది అది కాదు.

పంచె ఎగ్గట్టి, దగ్గుతూ, అరవై దాటిన ఆ మనిషి నాతోపాటు కారు వెనక్కి తోస్తుంటే కోప్పడడం కూడా చేతకాలేదు. బస్సులు ఆగిపోయాయి. పంటు వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ కాలేజీ నుంచీ ఉత్తరం రాలేదు. ఇంట్లో ఆయన పాఠాలు చెప్పిన బల్ల దగ్గరే నేను ట్యూషన్లు చెప్పాను. ఆ మర్నాటి నుంచి పొద్దుటి కాఫీ ఆయనే పెట్టేవారు. ఈ పదేళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఆ కాఫీ నాకిష్టం. అదే నా బాధ.

ఆయన సమాధి దగ్గర్నుంచి వచ్చాక షెడ్డు తెరిచి బానెట్ ఎత్తాను. ఆ తర్వాతెప్పుడో బిగించినట్టున్నారు, క్లిప్పు గట్టిగానే ఉంది. టిక్కు మాత్రం ఈ పదేళ్ళలోనూ పెట్టలేదు. రంగు డబ్బాలో అగ్గిపుల్ల ముంచి చాలాసేపు నిలబడ్డాను. పుల్ల మీద రంగు ఆరిపోయింది.

ఆ రోజు క్లిప్పు బిగించడం ఆయన మర్చిపోయారో, కావాలనే వదిలేశారో నాకు తెలీదు. ఆ టిక్కు నేను పెట్టవచ్చో లేదో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.