పిన్ని భోజనపు అరగంట

మా పిన్ని పంతొమ్మిదేళ్లపాటు మధ్యాహ్నపు అన్నం ఫోన్లు ఎత్తుతూనే తింది. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు ఆవిడ. డిగ్రీ చదువుకోవడానికి నేను వాళ్లింట్లో ఉన్న మూడేళ్లూ కాలేజీ లేనప్పుడల్లా ఆవిడ పక్కన చేరి కూర్చునేదాన్ని. అందుకే ఆ భోజనం ఎలా సాగేదో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. మెట్ల కింద కిటికీ లేని చిన్న గది. గోడ పొడవునా టెలిఫోన్ బోర్డు, దాని మీద వార్డుకో దీపం, ఫోనొస్తే వెలిగేది. హెడ్‌ఫోన్ తీయకుండానే నోట్లో ముద్దను కుడి బుగ్గలోకి నెట్టి, "ఆసుపత్రండీ, ఎవరు కావాలి?" అనేది. బుగ్గలో ముద్ద ఉన్న సంగతి అవతలివాళ్లకు చచ్చినా తెలిసేది కాదు. ఆ విద్య తనకు తప్ప ఇంకెవరికీ రాదని కాస్త గర్వం కూడా. కుడిచేత్తో తినాలి కనుక ప్లగ్గులన్నీ ఎడంచేత్తోనే గుచ్చేది. ఇంటి దగ్గర ఎవరైనా తలుపు తట్టినా "లైన్‌లో ఉండండి" అని కేకేసేది. మేం నవ్వితే మూతి ముడుచుకుని కిటికీవైపు తిరిగి కూర్చునేది.

బాబాయి అదే ఆసుపత్రిలో బాయిలరు మనిషి. తెల్లారకముందే వెళ్లి ఆవిరి ఎక్కించాలి. సాయంత్రం పిన్ని వచ్చేసరికి ఆయన సగం నిద్రలో ఉండేవాడు. ఒక మాట అడిగితే తలకాయ ఊపేవాడు, రెండో మాట అడిగితే "ఊ" అనేవాడు. సెలవు రోజున కూడా అంతే.

"ఈ మనిషి నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు పెట్టి లాగాలే," అనేది పిన్ని నాతో.

అయినా రోజూ పన్నెండున్నరకల్లా ఆవిడ డబ్బాను బాయిలరు గొట్టం మీద వేడిచేసి తెచ్చి, మోచేతి పక్కన పెట్టి, పైన భోజనాల గదికి వెళ్లిపోయేవాడు.

బాబాయి రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా పిన్నికి ఒక కోరిక పుట్టింది. ఆయన వెళ్లిపోయేలోగా ఆయనతోపాటు ఆ భోజనాల గదిలో కూర్చుని తినాలి. ఒకే కప్పు కింద అన్నేళ్లు పనిచేసి ఒక్కపూట కలిసి తినలేదంటే వినేవాళ్లు నమ్మరు. సిగ్గుపడుతూ వెళ్లి సూపరింటెండెంటును అడిగింది.

"ఆపరేటరు భోజనం సీట్లోనేనమ్మా. అగ్రిమెంటులో అలాగే ఉంది," అన్నాడాయన తల ఎత్తకుండానే.

ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. సంగతి విని నాకు ఒళ్లు మండింది.

"ఆ అగ్రిమెంటు ఎప్పుడైనా చదివావా పిన్నీ?"

"చదవడమెందుకే. సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

బీరువా అడుగున చీరల కింద దొరికింది. తొమ్మిదో షరతు పైకి చదివాను. భోజన విరామం అరగంట. ఆ సమయంలో ఉద్యోగి చేత ఏ పనీ చేయించరాదు. సీటు విడిచి వెళ్లే స్వేచ్ఛ ఉద్యోగికి ఉంటుంది. ఆ అరగంటకు వేరొకరిని కూర్చోబెట్టే బాధ్యత పై అధికారిది.

పిన్ని మళ్లీ చదవమంది. మూడోసారి చదువుతుంటే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఎవరిని తిట్టాలో తెలియక నేను ఆవిడనే తిట్టాను. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు ఆ కాగితం తీసుకెళ్లి సూపరింటెండెంటు ముందు పెట్టింది.

"ఎప్పట్నుంచో ఇలాగే నడుస్తోంది కదమ్మా," అన్నాడాయన. "నువ్వు సీట్లోంచి లేచాక ఏ ఫోనైనా తప్పి ఎవరికైనా ఏమైనా అయితే నీ ఉద్యోగం ఉండదు. ఆలోచించుకో."

పన్నెండున్నరకు పిన్ని హెడ్‌ఫోన్ తీసి లేచి నిలబడింది. అప్పుడే అత్యవసర వార్డు దీపం వెలిగింది. మళ్లీ కూర్చుంది. డబ్బా వేడివేడిగా వచ్చింది, అక్కడే తినేసింది. ఇంటికొచ్చి చెబితే పిరికిదానివన్నాను.

"అటు ఎవరి ప్రాణం మీదికొచ్చిందో. నా ముద్ద కోసం వదిలెయ్యనా?" అంది.

రాత్రంతా ఏం ఆలోచించిందో మరి, మర్నాడు పన్నెండున్నర దాటాక వార్డుల ఫోన్లన్నీ ఎప్పటిలాగే కలిపింది. సూపరింటెండెంటు గది దీపం వెలిగితే మాత్రం, "లైన్‌లో ఉండండి," అని వదిలేసి అన్నం కలుపుకుంది. పది నిమిషాలు చూసి ఆయనే మెట్లు దిగి వచ్చాడు.

"నా లైను ఏమైందమ్మా?"

"పన్నెండున్నర నుంచి నేను పనిలో లేనండి. వార్డులకు నా ఇష్టం కొద్దీ కలుపుతున్నాను. మీకు కలపడం ఇష్టం లేదు. భోంచేశాక చూస్తాను."

ఆయన అక్కడే నిలబడి, బల్ల మీదున్న అగ్రిమెంటులో తొమ్మిదో షరతు తనే చదువుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు. మూడోరోజు పొద్దున్నే ఆఫీసు టైపిస్టును పంపించాడు, పని నేర్పమని. రెండు రోజుల్లో నేర్పింది.

మొదటిరోజు పిన్ని తల దువ్వుకుని మరీ భోజనాల గదికి వెళ్లింది. గుమ్మంలో అడుగుపెట్టగానే దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆవిడ, "రా వదినా, లైన్‌లో ఉండు, చోటిస్తాను," అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. పిన్ని పాలవాణ్ణి ఏ వార్డని అడిగిన సంగతీ, అలిగితే కిటికీతో కాపురం చేసే సంగతీ, నేను పరీక్ష తప్పి అటక మీద దాక్కున్న సంగతీ, అన్నీ వాళ్లకు తెలుసు. బల్ల చివర బాబాయి చేతులు తిప్పుకుంటూ ఏదో కథ చెబుతున్నాడు. పిన్నిని చూసి గతుక్కుమన్నాడు. అందరూ కానిమ్మంటే మళ్లీ మొదలుపెట్టాడు. పిన్ని ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

ఇంటికొచ్చి నిలదీసింది.

"వాళ్లందరికీ చెబుతావు, నాకెందుకు చెప్పవు?"

"అన్నీ నీ గురించేగా. నీకే ఎలా చెప్పను?" అన్నాడాయన, అటు తిరిగి పడుకుంటూ. పిన్ని ఏడవలేక నవ్వింది. నాకు మాత్రం ఆ సూపరింటెండెంటు మీద అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. అన్నేళ్ల కబుర్లు మింగేశాడు.

పిన్నికి దక్కినవి ఇరవై రెండు మధ్యాహ్నాలు. రిటైరయ్యాక ఇంట్లో బాబాయి మళ్లీ "ఊ" దగ్గరికే వచ్చాడు. ఏడాదిన్నర తిరిగేసరికి గుండె ఆగి పోయాడు. పిన్నికి ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది.

అప్పటికి నాకు వేరే ఊళ్లో ఉద్యోగం. ఒకసారి చూడ్డానికి వెళితే, పన్నెండున్నరకు టైపిస్టుకు బోర్డు అప్పగించి నన్ను భోజనాల గదికి తీసుకెళ్లింది. డబ్బా మూత తీసి లాండ్రీ ఆవిడవైపు తిరిగింది.

"మా ఆయన చెప్పేవాడే, నేను పెళ్లయిన కొత్తలో ఇంటికి దారి తప్పిన సంగతి. అది చెప్పు."

ఆవిడ బాబాయిలాగే చేతులు తిప్పుతూ చెప్పింది. పిన్ని తినడం మానేసి వింది. సగంలో ఆవిడ ఆగిపోయింది.

"తర్వాత ఏమనేవాడో గుర్తు రావట్లేదు వదినా."

"ఫర్వాలేదులే," అంది పిన్ని. "గుర్తు తెచ్చుకుని రేపు చెప్పు. రేపూ వస్తాను."