జోలపాటలో ఆగిన చోటు

“ఇది మన ప్లేయర్‌లో రాదండీ అత్తయ్యగారూ. ఈ ఫైలు రకం వేరు.”

“పాటకి రకాలేమిటమ్మా, బియ్యమా?”

“పెన్‌డ్రైవ్ పెట్టుకునే ప్లేయర్లు వస్తున్నాయి కదండీ. ఒకటి తెమ్మని మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను.”

“ఉన్నది శుభ్రంగా పనిచేస్తుంటే ఇంకోటెందుకు? ఒక్క పాట కోసం ఒక మిషనా? రేపు ఇంకో పాట ఇంకో రకంలో వస్తే ఇంకో మిషను కొంటావా?”

“అయితే పాటే వద్దులెండి. ఉయ్యాలా వద్దు. పేరొక్కటి పెట్టేసి ఊరుకుందాం.”

“చాల్లే ఊరుకో. శుభమా అని బారసాల పెట్టుకుని ఏం మాటలవి!”

తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందు గదిలో, బారసాల ముందు రోజు మధ్యాహ్నం, నాకూ మా కోడలు సుజాతకీ జరిగిన గొడవ ఇది. ఇంట్లో సెకండ్ హ్యాండు కంప్యూటరు ఒకటీ, టీవీ కింద పాత సీడీ ప్లేయరు ఒకటీ ఉండే రోజులు.

నాకు చదువు నాలుగో తరగతితో సరి. కానీ దయ్యాలూ భూతాలూ అంటే చదువుకున్నవాళ్ళ కంటే నాకే నమ్మకం తక్కువ. మా ఆయన పోయాక, మా అబ్బాయి చదువుకి వెళ్ళినన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉన్నాను. చప్పుడైతే పిల్లో ఎలకో అని కర్ర పుచ్చుకుని లేచేదాన్నే గాని, ముసుగు తన్ని పడుకున్నది లేదు. అంచేత ఇది నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

సుజాత పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక చిన్న ఊరు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి, అంటే మా వదినగారు, సుజాతకి కడుపుతో అయిదో నెలప్పుడు ఉబ్బసం ముదిరి పోయింది. అందుకే పురుడు మేమే పోశాం. మనవరాలు పుట్టింది.

వాళ్ళింటి ఆనవాయితీ ఒకటుంది. బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేసినప్పుడు జోల అమ్మమ్మే పాడాలి. పాట మొదలెట్టాక చివరిదాకా ఉయ్యాల ఆపకూడదు. ఆ అమ్మమ్మ లేదు కనక బిడ్డని ఉయ్యాల్లో వెయ్యనే వెయ్యనని సుజాత పట్టు. పుట్టిన దగ్గర్నించీ పిల్ల ఒళ్ళోనో మంచం మీదో పడుకునేది. నేనే నయానా భయానా చెప్పి, మీ అమ్మ పాడే పాట ఎక్కడైనా దొరుకుతుందేమో ఆ కంప్యూటరులో వెతకమన్నాను. వెతగ్గా వెతగ్గా దొరికింది. ఎవరో పాటలావిడ, వెనకాల వీణ, తబలా, అన్నీ పెట్టుకుని పాడింది. దిగడానికి ఒక పూట పట్టింది. తీరా దిగాక ఈ రకాల గొడవ.

సుజాత మూతి ముడుచుకునే, “పోనీ మార్చి చూస్తానండీ” అంది. పెళ్ళికి ముందు కంప్యూటరు సెంటర్లో పనిచేసిన పిల్ల, పని తెలుసు. ఆ ఫైలుని మా ప్లేయరు తినే రకంలోకి మార్చి, డిస్కు మీదికి ఎక్కించాలిట. తెర మీద ఆకుపచ్చ పట్టీ ఒకటి మెల్లగా నిండుతూ వచ్చింది.

“ఏం చేస్తోందది?” అన్నాను.

“పాట అదేనండీ, గిన్నె మారుస్తోంది.”

“ఊరగాయ జాడీలోంచి సీసాలోకి తీసినట్టన్నమాట.”

“అంతేనండీ” అని నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

డిస్కు ప్లేయర్లో పెట్టాం. నేను గోడకి చేరగిలబడి పిల్లని కాళ్ళ మీద వేసుకున్నాను. సుజాత ఎండిన గుడ్డలు మడతపెడుతోంది. పాట బాగానే మొదలైంది. రెండో చరణం సగంలో వీణా తబలా అన్నీ ఆగిపోయాయి. గొంతూ ఆగింది. ఎవరో కష్టం మీద ఊపిరి తీసుకున్నారు. ఛాతీలో పిల్లికూత వినబడింది. తర్వాత మెల్లగా, “ఉండు తల్లీ” అని ఒక మాట. వెంటనే వీణ అందుకుంది, పాట మామూలుగా సాగిపోయింది.

సుజాత చేతిలో గుడ్డ అలాగే ఉంది.

“విన్నారాండీ?”

“డిస్కు మీద గీత పడ్డట్టుంది. మళ్ళీ పెట్టు” అన్నాను.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. అదే ఊపిరి, అదే మాట.

ఆ మాట నేను ఎరగనిది కాదు. సుజాత పెళ్ళిలో వదినగారు మంగళహారతి పాడుతూ ఆయాసం వచ్చి మధ్యలో ఆగింది. పీటల మీద ఉన్న కూతుర్ని చూసి, “ఉండు తల్లీ” అని, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుకుంది. పేరంటాళ్ళు నవ్వారు కూడా. ఏ పాట పాడినా ఆవిడకి అదే అలవాటని సుజాత చెప్పింది.

ఇద్దరం కంప్యూటరు దగ్గరికి వెళ్ళి అసలు ఫైలు పెట్టి విన్నాం. ఎక్కడా ఆగలేదు. నీళ్ళలా సాగిపోయింది. ఇంకో డిస్కు దండగైతే అయింది, ఇంకోసారి మార్చమన్నాను. మార్చింది. ఆ రెండో డిస్కులోనూ ఏమీ లేదు. మొదటిది పెడితే ఉంది.

మా ప్లేయరు రోగమేమోనని మొదటి డిస్కు పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. అక్కడ ఫాతిమా అని బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. వదినగార్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. సంగతేమీ చెప్పకుండా, “డిస్కు సరిగ్గా వస్తోందేమో కాస్త విని చెప్పమ్మా” అన్నాను. కుట్టుమిషను ఆపి, వాళ్ళ ప్లేయర్లో పెట్టి విన్నది.

“బాగుందండీ. మధ్యలో ఎవరో పెద్దావిడకి పాపం ఆయాసం వచ్చినట్టుంది” అంది.

మా అబ్బాయి ఏలూరులో ఉద్యోగం. సాయంత్రం బండి దిగి వచ్చి వాడూ విన్నాడు. మొహం చిన్నబుచ్చుకుని, “మార్చేటప్పుడు ఒక్కోసారి ఫైలు పాడవుతుందమ్మా” అన్నాడు.

“పాడైతే గరగరలాడుతుంది గాని ఆయాసపడుతుందిట్రా?” అన్నాను.

వదినగారి గొంతు ఆ కంప్యూటరులో ఎక్కడైనా ఉందేమోనని వాడే వెతికాడు. లేదు. ఆవిడ ఫోనులో మాట్లాడ్డానికే సిగ్గుపడే మనిషి, ఎక్కడా రికార్డు చేసింది లేదు. పెళ్ళి క్యాసెట్టు ఉంది కదా అంటారేమో. ఆ వీడియో అబ్బాయి మా అందరి గొంతులూ తీసేసి, మొదట్నించి చివరిదాకా సినిమా పాటలు వేసి ఇచ్చాడు. అందులో మంగళహారతి లేదు, వదినగారి గొంతూ లేదు.

తర్వాత కంప్యూటర్లు తెలిసిన వాళ్ళని చాలామందిని అడిగాను. తలో మాటా చెప్పారు. జాడీలో లేని ముక్క సీసాలోకి ఎలా వచ్చిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాకూ తెలియదు. భయం వేసిందా అంటే, లేదు. ఇంట్లో ఎవరికీ వెయ్యలేదు.

ఆ సాయంత్రం సుజాత రెండు డిస్కులూ నా ముందు పెట్టి, “రేపు ఏది పెట్టమంటారండీ?” అంది.

“పాడాల్సింది ఎవరో నాకంటే నీకే తెలుసు” అన్నాను.

మర్నాడు పొద్దున్న పేరంటాళ్ళు వచ్చారు. సుజాత మొదటి డిస్కే పెట్టింది. తనే పిల్లని ఎత్తుకొచ్చి ఉయ్యాల్లో పడుకోబెట్టింది. రెండో చరణంలో పాట ఆగేసరికి ప్లేయరు చెడిందనుకుని అందరూ నా వంక చూశారు. నేను ఉయ్యాల ఊపుతూనే ఉన్నాను. పాట అందుకుంది, పూర్తయింది. పిల్ల నిద్రపోయింది. పేరంటాళ్ళు శనగలూ తాంబూలం పుచ్చుకుని వెళ్ళాక సుజాతకి అన్నం పెట్టాను. వెల్లుల్లి కారం కలుపుకుని తిని, వాళ్ళమ్మ పోయాక మొదటిసారి మారు అడిగింది. వడ్డించాను.