గుండీ గుర్తు బిస్కెట్లు

నాకు అనుమానం ఎక్కువ, ఒప్పుకుంటాను. పాలబ్బాయి నవ్వుతూ కనబడితే ఆ రోజు పాలు రెండుసార్లు చూసుకుంటాను. అలాంటిదాని ఇంట్లో, నా డబ్బాలోంచి, వారం వారం నాలుగు బిస్కెట్లు మాయమవుతుంటే నేనెలా ఊరుకుంటాను?

మా ఆయన బేకరీలో భట్టీ మేస్త్రీ. ట్రేలు లోపల పెట్టడం, రంగు చూసి బయటికి తీయడం ఆయన పని. రోజంతా బిస్కెట్ల మధ్యే ఉంటాడు గానీ ఒక్కటి ఇంటికి రాదు. యజమానురాలు సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి సంచులు చూసి మరీ పంపుతుంది. కొనే తాహతు మాకు లేదు. అందుకని ఆదివారం నేనూ పిల్లలూ ఇంట్లోనే చేసుకుంటాం. అడుగు మందం గిన్నెలో ఉప్పు పోసి, దాని మీద పళ్ళెం పెట్టి, మూత వేసి కాలుస్తాను. వెన్న ఊసే లేదు, నూనెతోనే సరి. పంచదార నేనే కొలుస్తాను, ఎవరినీ ముట్టుకోనివ్వను. ఏడేళ్ళ పిల్ల పిండి కలుపుతుంది, నాలుగేళ్ళ వాడు గిన్నె నాకుతాడు. పిల్ల ప్రతి బిస్కెట్ మీదా పాత కోటు గుండీ ఒకటి నొక్కుతుంది. అది తన కంపెనీ గుర్తట. మొత్తం ఇరవై నాలుగు వస్తాయి. ఇద్దరికీ రోజుకి చెరో రెండు, ఆరు రోజులు.

మా ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుని, మూత తీసినప్పుడల్లా పిల్లల్ని అడుగుతాడు, తేనె రంగు వచ్చిందా, ఇటుక రంగు వచ్చిందా అని. వాళ్ళు తేనె అంటేనే దింపమంటాడు. ఒక్కసారీ తను వంగి చూడడు. ఆరు రోజులు మంట ముందు నిలబడ్డ మనిషి, ఏడో రోజు కూడా ఏం చూస్తాడులే అనుకునేదాన్ని.

సోమవారం ఆయన పనికి వెళ్ళాక డబ్బా తెరిస్తే ఇరవైయే ఉండేవి. పిల్లలిద్దరినీ నిలబెట్టి నోళ్ళు వాసన చూశాను. వాళ్ళు ఏడ్చారు గానీ నోళ్ళలో ఏమీ లేదు. మూడో వారం ఆయన భోజనం సంచి దులిపితే పొడి రాలింది. ఒళ్ళు మండింది. బిస్కెట్ల భట్టీ దగ్గర బతికేవాడికి ఇంటి బిస్కెట్లతో ఏం పని? ఎవరి కోసం?

ఒకసారి అనుమానం పడ్డాక కనబడనిదేముంటుంది? చొక్కా గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుంటున్నాడు, మనసెక్కడో ఉన్నవాడిలా. మొన్న వీధిలో నేనెదురొస్తే పరాయిదాన్ని దాటినట్టు దాటిపోయాడు. పైగా సోమవారం వస్తే చాలు, ఇంట్లో ముద్ద దిగదు. ఎక్కడో కడుపు నింపుకొస్తున్నాడన్నమాట. బేకరీ కౌంటర్లో ఈ మధ్యే ఒక నవ్వుమొహం పిల్ల చేరింది.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం బస్సు డబ్బులు పట్టుకుని బేకరీకి వెళ్ళాను. గాజు జాడీలో గుండ్రటి బిస్కెట్ల మధ్య వంకర టింకరగా నాలుగు, గుండీ గుర్తుతో సహా. యజమానురాలు అందులోంచి ఒకటి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పుతోంది. ఆవిడా నాలాంటి అనుమానం మనిషే, ఆ చూపు నాకు తెలుసు. సంగతి పసిగట్టిందంటే ఆయన పని పోతుందనిపించింది. ఆవిడ నోరు తెరిచేలోగా ఆ నాలుగూ నాకే కావాలన్నాను. నా పిండీ, నా పంచదారా, మళ్ళీ నేనే కొనుక్కున్నాను.

కౌంటర్ పిల్ల నేనెవరో అడిగి తెలుసుకుని, పొట్లం కడుతూ అంది: "మేస్త్రీగారికి మామీద కోపమేమోనండి. ఎదురుగా నిలబడి నవ్వినా పలకరించరు."

బస్సుకి డబ్బుల్లేక నడిచొచ్చాను. ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఎదురుగా నిలబడినా పలకరించడు. గుండీలు తప్పుతాయి. రంగు పిల్లల్ని అడుగుతాడు. ఇంటికి రాగానే కొన్నవాటిలో ఒకటి పెనం మీద నల్లగా మాడ్చాను. ఆయన రాగానే మాడినదీ మంచిదీ పళ్ళెంలో పెట్టాను.

"వీటిలో మాడింది ఏదో చెప్పండి."

ఆయన నవ్వి రెండూ చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చూసి చెప్పండి."

రెండూ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. చివరికి ఒక్కొక్కటే బయటపడింది. కళ్ళు మసకలట. ఇంట్లో అయితే వాసన పట్టగలడు, అక్కడ పది ట్రేల వాసన ఒకటే గాలిలో కలుస్తుంది. సోమవారం ట్రేలు యజమానురాలే లెక్క చూస్తుంది. మాడినవి కనబడితే భట్టీ నుంచి తప్పించి గిన్నెలు కడగడానికి వేస్తానందట, సగం జీతానికి. అందుకని ట్రే దిగాక ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, మాడిన నాలుగూ ఏరి, వాటి చోట మావి నాలుగు పెడుతున్నాడట. గుర్తు తేడా ఆయనకి కనబడలేదు. మరి మాడినవేం చేస్తున్నారని అడిగితే, తినేస్తున్నానన్నాడు.

నాకు ఏడుపూ కోపం ఒక్కసారే వచ్చాయి. "నాతో చెప్తే ఏం పోయేది?"

"చెప్తే కళ్ళజోడు అంటావు. పిండి, పంచదార మానేస్తావు. పిల్లలకున్నది ఆ ఒక్క ముచ్చటే కదే."

ఆయన అన్నంత పనీ చేశాను. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి యజమానురాలికి ఉన్నదున్నట్టు చెప్పించాను. ఆవిడ ఆ చూపే చూసి, జోడు వచ్చేదాకా పిండి పిసకమంది, ఆ తర్వాత ఆలోచిస్తానంది. జోడు డబ్బుల కోసం ఆరు ఆదివారాలు ఇంట్లో బిస్కెట్ల గిన్నె పొయ్యెక్కలేదు. మా పిల్ల ఖాళీ డబ్బా తెరిచి చూసి, నా దగ్గరికొచ్చి నోరు తెరవమని వాసన చూసింది. నా కూతురే మరి.

జోడు వచ్చింది. ఏడో ఆదివారం మళ్ళీ చేశాం. మర్నాడు భట్టీ దగ్గర ఒక ట్రే తీసి చూపించమంది యజమానురాలు, అందుకని మూత ఆయన చేతే తీయించాను. జోడు పెట్టుకుని వంగాడు.

"తేనె రంగు. దింపు" అన్నాడు, ఎవరినీ అడక్కుండా.

నేను దింపుతుంటే పిల్లవాడు వేడి బిస్కెట్ కోసం ఆయన ఒళ్ళోకి ఎక్కాడు. ఆయన వాడి గడ్డం పట్టుకుని ఇటు తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

"వీడికి గడ్డం మీద ఈ మచ్చ ఎప్పుడు పడింది?"

"మెట్ల మీంచి పడ్డాడు కదండీ. రెండేళ్ళయింది" అన్నాను.

రెండేళ్ళు. ఆ మనిషి ఎటు పోతున్నాడో, ఏం తింటున్నాడో, ఎవరితో నవ్వుతున్నాడో కాపలా కాశాను. మా మొహాలు ఆయనకి కనబడుతున్నాయో లేదో మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.