అరబ్బు ఊళ్లకు నేను పెట్టిన పేర్లు

నా చిన్నప్పుడు మా బడిలో ఒకే తరగతిని నాకంటే ఎక్కువ ఏళ్లు అంటిపెట్టుకుని ఉన్నది గోడ మీది నల్లబల్ల ఒక్కటే. దానికైనా ఎండాకాలం సెలవుల్లో మా నాయన కొత్త రంగు వేసేవాడు. నాకు ఆ భాగ్యం కూడా లేదు. అదే బెంచీ, అదే చొక్కా, అదే ఎనిమిదో తరగతి. మా నాయన బోర్డులు రాసే పెయింటర్. బస్సుల నెత్తిన నెక్కొండ, తొర్రూరు, ములుగు అని కనబడితే అది ఆయన చెయ్యే. ఆ చేతిరాత నాకు పుట్టుకతో వచ్చింది. మిగతా చదువు దారిలో ఎక్కడో దిగిపోయింది.

ఆ ఏడాది నేను మా పెద్దసారు నడకను అనుకరించి తరగతిని నవ్విస్తుండగా, నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక్కి తిరిగితే ఆయనే. మర్నాడు మా అమ్మను పిలిపించారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మా అమ్మ, మగ్గం దిగి వేళ్లకు అంటిన రంగు దారపు నూగుతోనే వచ్చి ఆయన గది ముందు నిలబడింది. ఆయన నా టీసీ కాగితం రాసి, సంతకం పెట్టి, సొరుగులో వేశారు. “తారీఖు ఒక్కటే రాసేదున్నదమ్మా. ఇంకొక్క కోతి పని చేసిండనుకో, అది గూడ రాస్త” అన్నారు. ఇంటికి వెళ్లే దారిలో అమ్మ నన్ను తిట్టలేదు. “పదో తరగతి కాగితం ఒక్కటి ఇంట్లకు తే బిడ్డా, ఇంకేం అడుగ” అన్నది. తిట్టి ఉంటే బాగుండేది.

కొద్ది రోజులకు బడిలో ప్రదర్శన పెట్టారు. కాకతీయుల కాలంలో అరబ్బు దేశాల నుంచి గుర్రాలు సముద్రం దాటి మన కోటకు ఎలా వచ్చాయో చూపించే పెద్ద పటం కావాలన్నారు చరిత్ర సారు. గీయడానికి నా చెయ్యే దిక్కయింది. పెద్దసారు కూడా, పటం బాగా వస్తే సొరుగు సంగతి మరిచిపోతానన్నారు. ఒకటే చిక్కు. పటంలో ఊళ్లకు ఇప్పటి పేర్లు ఉండకూడదు, ఆ కాలం వాళ్లు తమ పుస్తకాల్లో ఏమని రాసుకున్నారో అవే ఉండాలి. “మట్టెవాడలో మున్షీ తాతగారు ఉంటారట, వెళ్లి రాసుకుని రా” అన్నారు చరిత్ర సారు.

మున్షీ తాత మా నేతవాళ్లలో వాడే, మున్షీ అన్నది ఆయన రాతకోతల ఉద్యోగం పేరు. నిజాం కాలంలో ఉర్దూ, ఫార్సీ చదివి, దఫ్తరులో పాత కాగితాల మధ్య ఉద్యోగం చేసి ముసలాడయ్యాడు. ఆయన ఇంట్లో ఇనప పెట్టె ఒకటుందనీ, అందులో పుస్తకాలతో పాటు జిన్ను కూడా ఉందనీ, దానికి ఆయన రోజూ దాని భాషలోనే కథలు చెబుతాడనీ మా పిల్లల్లో గట్టి నమ్మకం. ఈ సంగతి తోటి పిల్లలకు కళ్లు పెద్దవి చేసి చెప్పిన వాళ్లలో మొదటివాణ్ని నేనే. పేర్ల కోసం రెండుసార్లు ఆయన తలుపు దాకా వెళ్లాను. రెండోసారి లోపల నుంచి ఏదో తెలియని భాషలో సన్నగా, రాగంలాగా ఒక గొంతు వినబడింది. ఎవరో దానికి మూలుగుతూ బదులిచ్చారు. నేను మళ్లీ మా వీధిలోకి వచ్చేదాకా ఊపిరి తీసుకున్న గుర్తు లేదు.

ఆ సాయంత్రం కోరాగుడ్డ పరుచుకుని, సముద్రానికి నీలం, ఎడారికి పసుపు పూసి ఆలోచించాను. హైదరాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్, మహబూబాబాద్. తురకం పేరున్న ఊరంటే చివర ‘బాద్’ ఉండాలి, అంతే కదా. మా వీధిలో గాజులమ్మే నూర్ మామ పేరు తీసి ఒక రేవుకు పెట్టాను, నూరాబాద్. సైకిల్ షాపు బషీరన్న పేర ఇంకో రేవు. టాంగా తోలే కాసిం తాతకు ఏకంగా ఒక దీవినే రాసిచ్చాను. ఆఖరికి మన ఊరి దగ్గరికొచ్చి, ఆ కాలం వాళ్లు మనల్ని ఏమనేవారో తెలియక ‘వరంగాబాద్’ అని రాసి చేతులు కడుక్కున్నాను. అక్షరాలు మాత్రం ముత్యాలే. చరిత్ర సారు కొత్తగా కోస్తా నుంచి వచ్చినవారు, చూసి మురిసిపోయారు. “అన్నీ తాతగారు చెప్పినవేనా?” అని అడిగారు. “ఒక్కొక్కటి పలికి మరీ రాయించిండు సార్” అన్నాను.

ప్రదర్శన ముందురోజు ప్రార్థనలో పెద్దసారు ఒక మాట చెప్పారు. రేపు సాయంత్రం సభకు ముఖ్య అతిథి మున్షీ తాత. ఇంత శ్రమపడి పేర్లు చెప్పినందుకు ఆయనకు శాలువా కప్పుతారట.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒకదానికొకటి తగల్లేదు. పటం మీద రంగు డబ్బా పొర్లించాలనుకున్నాను, అది కూడా కోతి పనే అవుతుందని ఆగాను. మగ్గం ముందు వంగి ఉన్న అమ్మ వీపు చూస్తూ, రేపు ఈపాటికి ఆ సొరుగు కాగితం మీద తారీఖు ఉంటుందని లెక్క వేసుకున్నాను. నవ్వించడం తప్ప ఏమీ చేతకాని నాకు ఆ రోజు ఒక్క నవ్వులాట కూడా తోచలేదు.

నా ఖర్మ కొద్దీ తాత సాయంత్రం దాకా ఆగలేదు. సభలో కూర్చునేముందు తన పేరు మీద ఏం రాశారో చూసుకోవాలని పొద్దున్నే రిక్షా దిగాడు. బక్కపలచని మనిషి, సోడాబుడ్డి అద్దాలు, చేతిలో కర్ర. పెద్దసారు ఎదురెళ్లి పటం ముందుకు తీసుకొచ్చి, “అన్ని మీరు చెప్పినవేనండి, పొల్లగాడు మంచిగ రాసిండు” అని నన్ను ముందుకు నెట్టారు.

తాత ముక్కు గుడ్డకు తగిలేంత దగ్గరగా వంగి, ఒక్కో పేరూ చదువుకుంటూ పోయాడు. వరంగాబాద్ దగ్గరికి రాగానే ఆయన భుజాలు కదిలాయి. దగ్గో, కోపమో అర్థం కాలేదు. మెల్లగా నా వైపు తిరిగి, అద్దాల్లోంచి చూశాడు.

“చెయ్యి మంచిగున్నది సార్” అన్నాడు పెద్దసారుతో. “గని నేను చెప్పుట్ల జర గడబిడైంది. ముసలితనం గద. ఈ పొల్లగాన్ని ఒక పూట నాకియ్యుండ్రి, సక్కజేసి పంపుత.”

టీసీ తప్పిందని సంతోషించాలో, జిన్ను పెట్టె దగ్గరికి నడిపించుకుపోతున్నాడని ఏడవాలో తెలియలేదు. రిక్షాలో ఆయన పక్కన ముడుచుకుని కూర్చున్నాను.

ఆ తలుపు లోపల చీకటి గదిలో మంచం, మంచం మీద పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మ, తాత భార్య. నేను విన్న మూలుగు ఆమెదే. “మీ అవ్వకు ఫార్సీ ఒక్క ముక్క రాదు. చదివితె మాత్రం నిద్రపోతది” అన్నాడు తాత. తరువాత ఆ ఇనప పెట్టె మూత ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. పాత కాగితాల వాసన తప్ప ఏదీ బయటికి రాలేదు.

“కండ్లు తెరువు. ఎవ్వరు లేరు, ఉన్నోన్ని నేనే” అన్నాడు.

ఆయన తన చేత్తో రాసుకున్న ఒక లావుపాటి నోటుపుస్తకం తీశాడు. ప్రతి పేరుకూ పక్కన మూడు గళ్లు. ఓడల మీద తిరిగినవాడు ఏమని రాశాడు, సుంకం వసూలు చేసినవాడు ఏమని రాశాడు, ఆ ఊళ్లోనే పుట్టినవాడు ఏమని రాశాడు. మూడూ కలిస్తేనే పేరు కింద గీత గీశాడు. నా నూరాబాద్ ఉన్నచోట హుర్ముజ్ వచ్చింది. బషీరన్న రేవు ఖల్హాత్ అయింది. కాసిం తాత దీవి కైష్ అని తేలింది. బగ్దాదును అప్పటి దర్బారు వాళ్లు మదీనతుస్సలాం, అంటే శాంతి నగరం అని రాసుకునేవాళ్లట. ఒక్క రేవు దగ్గర మూడు గళ్లూ మూడు రకాలుగా ఉన్నాయి. దానికేం రాయాలని అడిగాను. “చుక్క పెట్టి ఇడిసిపెట్టు. తెలువనిదాన్ని తెలువదనే రాయాలె” అన్నాడు.

ఆఖరికి మన ఊరు. ఫార్సీ పుస్తకాల్లో దాన్ని అరంగల్ అని రాశారట. “మరి నీ వరంగాబాద్ చూసి ఎందుకు నవ్విన్నో తెల్సా?” అన్నాడు తాత. “నీకన్న ముందుగాల ఒకలు ఇదే పని చేసిండ్రు. ఢిల్లీ ఫౌజు వచ్చి కోట గెల్సి, ఈ ఊరు ఇగ సుల్తాన్‌పూర్ అన్నరు. ఇయ్యాల బజార్లకు పోయి సుల్తాన్‌పూర్ ఏడుందని అడుగు, ఎవలన్న చెప్తరేమో. ఊర్లున్నోళ్లు పలుకకుంటె కోట గెల్సినోడు పెట్టిన పేరే నిలువలె. నీ డబ్బా రంగుకు నిలుస్తదారా?”

నేను తల దించుకుని ఏడవడం మొదలుపెట్టాను. ఆయన తన తువ్వాలు అందించాడు. “ఫికర్ చెయ్యకు. నీ అబద్ధం కోసం నేనొక అబద్ధమాడిన సారు ముంగట. పొద్దూకే లోపట నీది నువ్వు ఒప్పుకుంటె నాది కడుక్కపోతది. లేకుంటె ఈ వయసుల ఆ శాలువ నా మెడకు ఉరి” అన్నాడు.

బడికి తిరిగొచ్చి, మధ్యాహ్నమంతా పాత పేర్ల మీద ఎడారి పసుపు పూసి, అది ఆరగానే కొత్త పేర్లు రాశాను. తరువాత పెద్దసారు గదికి వెళ్లాను. జిన్ను పెట్టె కంటే ఆ గది గడప పెద్దగా కనబడింది. చెప్పాను, అంతా. ఆయన సొరుగు లాగారు. అందులోంచి బెత్తం తీసి రెండు అరచేతుల మీదా ఒక్కొక్కటి వేసి, సొరుగు మూసేశారు. సభలో ఎవరో ఆ చుక్క చూపించి ఏమిటిదని అడిగితే, “దాని పేరు మాకు తెల్వదు” అన్నాను. తాత శాలువా సర్దుకున్నాడు.

అమ్మ అడిగిన కాగితం నేను తేలేకపోయాను. ఏడాది తిరక్కుండానే నాయన చూపు మందగించింది, బ్రష్ నేనే అందుకున్నాను. కానీ ఆ బడి నుంచి నన్ను ఎవరూ పంపెయ్యలేదు, నేనే నడిచి వచ్చాను. ఆనాటి నుంచి ఏ ఊరికి బోర్డు రాసినా, ఆఫీసు కాగితంలో ఏమున్నా సరే, ముందు ఆ ఊరి మనుషుల్ని అడుగుతాను. ములుగు అడవి పల్లెల్లో పది గడపలున్న గూడేనికి రాసేటప్పుడు కూడా మూడు ఇళ్లలో అడిగి, మూడూ కలిశాకే బ్రష్ ముంచాను. ఎవరి పేరు వాళ్లనే అడగాలన్న బుద్ధి, ఆ అరచేతుల మంటతో పాటు ఇన్నేళ్లూ నాతోనే ఉంది.

మొన్న ఇదంతా మా ఇంటావిడకు కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ చివరిదాకా విన్నది. తలెత్తకుండానే అన్నది:

“ఊరూరు తిరిగి అందరి పేర్లు అడిగినవ్ గని, లగ్గమైనకాన్నుంచి నన్ను ‘ఓయ్’ అనే పిలువవడ్తివి. ముందుగాల ఇంట్ల బోర్డు సక్కజెయ్యి.”